నాయిన గొంగడికి పట్టిన సెంటు

మొన్న మా మరిది కొడుకు పెండ్లి బట్టల కోసం సూర్యాపేటలో ఒక పెద్ద దుకాణానికి పోయాం. అక్కడ కౌంటరు వెనుక ఉన్న అమ్మాయి మగవాళ్ల సెంటు సీసాలు రెండు తీసి ముందు పెట్టి, రెండింటికీ పేరు ఒకటే, వాసనా ఒకటే, కాకపోతే ఒకటి పలచనిది, ఇంకొకటి చిక్కనిది అని చెప్పి, రెండు కాగితపు ముక్కల మీద చెరొకటి కొట్టి ఇచ్చింది. పెండ్లికొడుకు ఒకటి వాసన చూసి నాకు అందించాడు. అది చిక్కనిదని ఆ అమ్మాయి చెప్పకముందే నాకు తెలిసిపోయింది. కళ్లు తిరుగుతున్నాయని చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కళ్లేమీ తిరగలేదు, నాయిన గుర్తొచ్చాడు, అంతే.

మా పుట్టిల్లు ఆత్మకూరు వైపు ఒక ఊళ్లో. తాతల నుంచీ గొర్లు కాసిన ఇల్లు. మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, గొర్లున్న ఇంటికి ఒక వాసన ఉంటుంది, ఉన్నీ పెంటా పాలూ వానకు తడిసిన గొంగడీ అన్నీ కలిసిన వాసన. బళ్లో పక్కపిల్లలు ముక్కు మూసుకుంటే ఏడుపొచ్చేది గానీ, ఇంటికొచ్చి నాయిన గొంగడిలో దూరితే ఆ వాసనకే నిద్ర పట్టేది.

గొర్రె తన పిల్లను కంటితో కాదు, ముక్కుతో గుర్తు పడుతుందని మాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. అందుకే గొర్లు ఈనే రోజుల్లో నాయిన సబ్బు ముట్టేవాడు కాదు. అమ్మ తలలో మల్లెపూలతో దొడ్డి గుమ్మం దాటితే కసిరేవాడు. ఒక్కోసారి పిల్ల చనిపోయిన తల్లికి, తల్లి చనిపోయిన పిల్లను అలవాటు చేయాల్సి వచ్చేది. అప్పుడు ఆ తల్లి పాలే పిండి పిల్ల ఒంటికి పూసి, ఓపికగా పక్కనే కూర్చునేవాడు. మంద మొత్తం ఆయనను కూడా వాసనతోనే ఎరిగినట్టుండేది. అయినవాళ్ల మధ్య నడిచినట్టు నడిచేవాడు వాటి మధ్య.

నేను పెండ్లయి మిర్యాలగూడ వచ్చేశాక, రెండు వేల ఆరో ఏడో, మా తమ్ముడు కోదాడలో మగవాళ్ల బట్టలూ సెంట్లూ అమ్మే దుకాణంలో పనికి కుదిరాడు. వాడికి గొర్ల వాసనంటే సిగ్గు. వాణ్ణి తప్పుపట్టను, బళ్లో ముక్కు మూసుకున్న పిల్లలు వాణ్ణి నాకంటే ఎక్కువ ఏడిపించారు. కోదాడలోనే ఒక సంబంధం వచ్చింది, ఉద్యోగస్తుల ఇల్లు. పిల్ల తరఫు వాళ్లు మా ఇల్లు చూసుకోవడానికి వస్తామంటే, పనికి సాయంగా నేనూ పుట్టింటికి వచ్చాను. దానికి ముందు వారం తమ్ముడు రెండు సీసాలు తెచ్చాడు, మొన్న దుకాణంలో చూసినట్టే, ఒకే సెంటు, పలచనిదొకటి, చిక్కనిదొకటి. ఈ చేతికొకటి, ఆ చేతికొకటి కొట్టుకొని పొద్దంతా వాసన చూసుకుంటూ తిరిగాడు. పలచనిది మంద ఇల్లు చేరే వేళకు పోయింది. చిక్కనిది మర్నాడు తానం చేసినా పోలేదు. పాలకు చూసినట్టు సెంటుకు కూడా చిక్కదనం చూస్తున్నావేమిరా అని నాయిన నవ్వాడు.

వాళ్లు వచ్చే రోజుకు గొర్లు ఈనడం మొదలైంది. తమ్ముడు గొంగడి ఇంట్లో పెట్టి రమ్మంటే నాయిన ససేమిరా అన్నాడు, భుజాన అది లేకుండా ఆయనెప్పుడూ నలుగురిలో కూర్చోలేదు. సెంటుకు మాత్రం కొడుకు కోసమని ఒప్పుకున్నాడు. "పలచది కొట్టురా, పొద్దుగూకేసరికి పోతది. దొడ్లకు పోవాలె నేను" అన్నాడు. తమ్ముడు సరేనని ఆయన చేతులకూ, చొక్కాకూ, గొంగడికీ కొట్టాడు. వచ్చినవాళ్లు నాయిన పక్కనే మంచం మీద కూర్చున్నారు. పిల్ల తండ్రి వెళ్తూ వెళ్తూ, "మీ నాన్నగారు భలే శుభ్రమైన మనిషండీ" అన్నాడు తమ్ముడితో. సంబంధం ఖాయమైంది. అందరం సంతోషపడ్డాం, నాయిన అందరికంటే ఎక్కువ.

సాయంత్రం ముసురు పట్టింది. నాయిన చేతులు మట్టితో రుద్ది కడుక్కొని, చొక్కా మార్చి, గొంగడి కప్పుకొని దొడ్డిలోకి పోయాడు. పొద్దుటి నుంచీ ఒంటి మీదే ఉన్న వాసన కాబట్టి ఆయన ముక్కు దానికి అలవాటు పడిపోయింది, మావీ అంతే. ఒకదాని వెనుక ఒకటి గొర్లు ఈనుతుంటే, ఎప్పటిలాగే పుట్టిన పిల్లల మూతులు తుడిచి, చలికి వణుకుతున్నాయని గొంగడిలో చుట్టి, తల్లుల ముందు పెట్టాడు. తల్లులు వాసన చూసి వెనక్కి జరిగాయి. పిల్లలు పాలకు దగ్గరికి పోతే తలతో కుమ్మాయి. పాలు పిండి పూశాడు, పెంట పూశాడు, ఈనినప్పుడు పడ్డ మాయ తెచ్చి పిల్లల ఒంటికి రుద్దాడు. కాళ్లు పట్టుకొని బలవంతంగా కుడిపించబోతే తన్నాయి. కడకు ఆయన చెయ్యి చాచినా మంద అటు పక్కకు పోయి గోడకు ఒదిగి నిలబడింది. నాయిన ముఖం అట్లా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లారేసరికి ఆ సాయంత్రం పుట్టిన పిల్లలేవీ దక్కలేదు. నాయిన వాటిని వరుసగా గోడ నీడన పడుకోబెడుతుంటే తమ్ముడు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నేను గొట్టింది చిక్కదే నాయినా. వాళ్లు వచ్చేదాంక వాసన ఉండదేమో అని..." అని వెక్కివెక్కి ఏడ్చాడు. నాయిన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ సంబంధం కుదిరింది గద, ఇగ ఊకో" అని లేచి, గొంగడి మడిచి అమ్మ ట్రంకుపెట్టెలో పెట్టాడు.

మళ్లీ దాన్ని కప్పుకోలేదు. కొత్త గొంగడి కొనుక్కోమంటే వద్దన్నాడు. తమ్ముడి పెండ్లయ్యాక మందనే అమ్మేసి, మిర్యాలగూడలో మా ఇంటి దగ్గరి రైసు మిల్లులో కావలికి కుదిరాడు. ఊక దుమ్ములో కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. ఆయన ఒంటికి ఇక ఏ వాసనా లేదు.

కొన్నేండ్లకు ఆ మిల్లు నౌకరీలోనే పోయాడు. ఊరికి తీసుకెళ్లాం. మా వాళ్లలో పోయినవాడి మీద అతని గొంగడి కప్పి సాగనంపుతారు. అమ్మ పెట్టె తెరిచి గొంగడి తీసింది, రెండు చేతులా ముఖానికి అదుముకుంది. ఉన్నికి పట్టిన సెంటు అన్నేండ్లు మూసిన పెట్టెలో అట్లనే ఉంది, గది మొత్తం కమ్ముకుంది. అమ్మ దాన్ని దూరంగా నెట్టేసింది. "ఇది ఆయనది కాదు బిడ్డా, తీసెయ్" అంది. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు ఆ మాట విన్నాడు. కడకు పక్కింటి వాళ్ల గొంగడి అడిగి తెచ్చి కప్పాం.

ఇప్పుడు మా ఇండ్లలో గొర్ల వాసన లేదు. దొడ్డి ఉన్నచోట తమ్ముడు ఇల్లు కట్టాడు, వాడు పండగకైనా సెంటు పూసుకోడు. అంత సిగ్గుపడి వదిలించుకున్న ఆ వాసన కోసం ఒక్కోసారి రోడ్డు మీద మంద ఎదురైతే ఆటో ఆపించి నిలబడతాను. దొరకదు, అది వేరే వాళ్ల మంద.

మెట్ల మీద కూర్చొని ఇదంతా తలుచుకుంటుంటే పెండ్లికొడుకు సంచి ఊపుకుంటూ వచ్చాడు. "చిక్కదే తీసుకున్న పెద్దమ్మా, ఎన్ని రోజులైనా పోదంట" అన్నాడు. నిజమే బిడ్డా, పోదు అన్నాను.