లీజు, రిలీజు, మా ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు చనిపోయారని ఒక శనివారం పొద్దున మా నాయన ఫోన్ చేశాడు. “పాపా, సార్ పోయినాడంట” అని, ఇంకేదో చెప్పబోయి పెట్టేశాడు. పదకొండో రోజు మా ఊరి హైస్కూల్లో సంతాప సభ జరిగింది. అక్కడి నుంచి తిరిగొచ్చాక నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. నెమ్మదిగా రాయడం నా వల్ల కాదు.

మాది నల్లమాడ దగ్గర ఒక పల్లె. వాన పడితే వేరుశనగ, లేకపోతే వలస. తొంభైల చివర్లో సారు పామిడి నుంచి బదిలీ మీద వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు పీరియడంటే మాకు వణుకు. ఆయన పుస్తకం తెరవలేదు. బోర్డు మీద నాలుగక్షరాలు రాశారు. “ఇది రెయిన్, వాన. దీని ముందర జీ పెడితే గ్రెయిన్, గింజ. డీ పెడితే డ్రెయిన్, నీళ్ళు పోయే కాలవ. టీ పెడితే ట్రెయిన్. అక్షరాలు అవే, అర్థాలు వేరే. మాట ముందర ఎవరు నిలబడినారో చూడండి.”

వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “వాన మన ఊరికి రాదు సార్, ట్రెయినూ రాదు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. “రానిదాని పేరు గూడా తెలిసుండల్ల. వచ్చిన పొద్దు గుర్తుపట్టాల కదా” అన్నారు.

అలా రోజుకొక గుంపు. ఇయర్‌ అంటే చెవి, అది హియర్‌లో ఉంది, ఫియర్‌లోనూ ఉంది. “వినేదానికీ, భయపడేదానికీ చెవే కావాల” అనేవారు. అచ్చులో ఏది కనిపించినా చదవందే వదిలేవారు కాదు. బస్టాండులో శనక్కాయలు కొంటే, తినేసి పొట్లం కాగితం విప్పి అటూ ఇటూ చదివేవారు. ఎరువు సంచీ, మందు సీసా, ఏదీ వదల్లేదు. మమ్మల్నీ అలాగే తయారు చేయాలని, ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏదుంటే అది తెచ్చి చూపించమన్నారు.

మా ఇంట్లో ఒక్కటే ఉంది. కొండ మీద గాలిమరలు పెట్టే కంపెనీ వాళ్ళు సర్పంచు చేత పంచించిన కాగితం. ఐదేండ్ల లీజు, తర్వాత చేను మళ్ళీ మీదే అని సర్పంచు చెప్పాడు. మరుసటి రోజు సర్పంచు ఇంట్లోనే సంతకాలు. నాయనను అడిగే తీసుకెళ్ళాను. ముందు రోజే సారు లీజు, ప్లీజు, రిలీజు అనే గుంపు చెప్పి ఉన్నారు. కాగితంలో వేలు పెట్టి, “సార్, మన మాట ఇందులో ఉండాది, రిలీజు” అన్నాను గర్వంగా.

సారు కాగితం లాక్కున్నంత పని చేశారు. రెండుసార్లు చదివారు. బడి వదలగానే నాతోపాటు మా ఇంటికి వచ్చారు.

“దీంట్లో ఏముండాదో నీకు చెప్పినారా అన్నా?”

“లీజంట కదా సార్.”

“లీజు కాదు. రిలీజు.”

“రిలీజంటే సినిమాకు కదా అంటారు?” అన్నాడు నాయన.

“అదే. సినిమాను జనాల్లోకి వదుల్తారు. నువ్వు నీ చేనును వాళ్ళకు వదుల్తాండావు. ఐదేండ్లకు కాదు, ఎప్పటికీ.”

నాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి ఇల్లిల్లూ తిరిగాడు. ఆ కాగితం అందిన పద్నాలుగు కుటుంబాల్లో ఒక్కరూ సంతకం పెట్టలేదు.

రెండు రోజులకు సర్పంచు బడికి వచ్చాడు. మా క్లాసు గుమ్మంలోనే నిలబడి, “సారూ, నువ్వు పాఠాలు చెప్పుకో. ఊరి యవ్వారాలు నీకెందుకప్పా?” అన్నాడు.

“నేను చెప్పింది పాఠమే. నువ్వూ వచ్చి కూర్చో, చెప్తా” అన్నారు సారు.

నెల తిరక్కుండా సారు మీద పైకి అర్జీ పోయింది. ఆడపిల్లల చేత ఇండ్లలోని పత్రాలు దొంగతనంగా తెప్పిస్తున్నాడని, ఊళ్ళో గొడవలు పెడుతున్నాడని. ఎంత నీచమైన రాత! దాని కింద మా ఊరివాళ్ళ వేలిముద్రలు కూడా ఉన్నాయి. విచారణకు ఆఫీసరు వచ్చి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాడు. చేన్లు దక్కించుకున్న పద్నాలుగు ఇండ్లలోంచి ఒక్క మనిషి రాలేదు. మా నాయనా రాలేదు. ఆ రోజు తెల్లారగానే చేనికి పోయాడు. అక్కడ చేయడానికి పనేమీ లేదు, విత్తనమే పడని ఏడు అది. నేను గది ముందుకెళ్ళి చెప్తానంటే, పిల్లల మాట పనికిరాదని తిరిగి క్లాసుకు పంపేశారు.

సారును మడకశిర వైపు బదిలీ చేశారు. ట్రంకుపెట్టె ఆయనే మోసుకుని బస్సు దాకా వచ్చారు. “మా నాయన రాలేదు సార్” అని ఏడ్చాను. “తిట్టద్దు పాపా. నేను బస్సెక్కి పోతా. మీ నాయన ఆ మనిషితోనే ఇదే ఊర్లో బతకల్ల” అన్నారు. అంత సులువుగా క్షమించారాయన. నాకు చేతకాలేదు. ఆ వేసవంతా నాయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు నేను కదిరిలో ఇంగ్లీషు చెబుతున్నాను. రిటైరై పామిడిలో ఉన్న సారును రెండేళ్ళ కిందట చూడబోతే, నా ఉద్యోగం సంగతి కంటే ముందు “చేను ఉండాదా?” అని అడిగారు. ఉందన్నాను. ఇక ఆ మాటే ఎత్తలేదు.

మొన్నటి సభలో మొదటి దండ వేసింది ఎవరో తెలుసా? ఆనాటి సర్పంచే. ఇప్పుడు ఇంకా పెద్ద నాయకుడు. మైకు పట్టుకుని, “మా ఊరి భూములు కాపాడిన మహానుభావుడు” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. లేవబోతుంటే, నా పక్కనుంచి నాయన లేచాడు. నలుగురిలో ఎప్పుడూ నోరెత్తని మనిషి.

“ఏమప్పా, ఎవరి నుంచి కాపాడినాడో అది గూడా చెప్పు” అన్నాడు.

సర్పంచు నవ్వబోయాడు, మైకు పక్కవాడికిచ్చి కూర్చున్నాడు. నాయన సారు ఫోటో దగ్గరికి నడిచాడు. “ఆ పొద్దు ఆఫీసరు ముందర నిలబడల్సింది సార్. నిలబడలేదు” అన్నాడు. మైకు లేదు, ముందు వరుసకు మాత్రమే వినిపించింది.

తర్వాత ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. జనం లేచారు, కుర్చీలు ఎత్తేశారు. నాయన మాత్రం తలమీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, ఫోటో ముందు అలాగే నిలబడి ఉన్నాడు.