పడవ సీనులో నేను దించిన గొంతు

మా భిలాయి ఖుర్సీపార్‌లో ఎవరిని అడిగినా ఈ కథను ఒకేలా చెబుతారు. తెర మీద పాత సినిమా నడుస్తోందట, కింద ముంబై ఆర్కెస్ట్రా వాయిస్తోందట. పడవ సీను రాగానే జనంలోంచి ఒక ముసలావిడ లేచి నిలబడి పాడిందట. వాయించేవాళ్లు వాద్యాలు దించేసి విన్నారట. హాలంతా కన్నీళ్లట. మొన్న ఒక పెళ్లిలో ఒకాయన ఇదంతా నాకే చెప్పాడు, పైగా "కళ్లారా చూశానండీ" అని. ఆ రోజు ఆయన పక్కూరు దుర్గ్‌లో బావమరిది ఇంట్లో పడుకుని ఉన్నాడని వాళ్లావిడ అక్కడికక్కడే తేల్చేసింది.

ఆ రోజు మిక్సర్ ముందు కూర్చున్నది నేను. హాల్లో ఏది వినబడాలి, ఏది వినబడకూడదు అన్నది నా వేళ్ల మీద నడిచింది. అందుకే చెబుతున్నాను: ఆవిడ పాడలేదు. ఆర్కెస్ట్రా ఆగలేదు. కన్నీళ్ల సంగతి ఆ చీకట్లో నాకు తెలియదు, చెప్పేవాళ్లకూ తెలియదు.

రెండేళ్ల కిందటి డిసెంబరు అది. టౌన్‌షిప్ ఆడిటోరియంలో ఒక పాత నలుపు తెలుపు సినిమా వేస్తూ, దాని నేపథ్య సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వాయించే కార్యక్రమం పెట్టారు. మద్రాసులో తెలుగు, హిందీ రెండింట్లో తీసిన సినిమా. పేరు రాయను. రాస్తే ఏ భాషలో బాగుందన్న తగువు మళ్లీ మొదలవుతుంది, అందులో నేనే ముందుంటాను. సౌండ్ పని నాకు వచ్చింది. మా నాన్న మైక్ సెట్ దుకాణాన్ని నేను డిగ్రీ అయ్యాక అందుకున్నాను. ఆడపిల్లకి వైర్లెందుకన్నవాళ్లే ఇప్పుడు వాళ్ల మనవల బారసాలలకి నన్ను పిలుస్తారు.

బోర్డు మీద పోస్టరు పడిన మర్నాడే నరసమ్మ పిన్ని దుకాణానికి వచ్చింది. మా వెనక వీధిలోనే ఉంటుంది. పిన్ని అని పిలవడమే గానీ చుట్టరికం లేదు. ఎనభైకి దగ్గర పడింది. బేరమాడితే కూరగాయలవాడు బండి వదిలేసి పారిపోవాలి.

"ఏటే రాజ్యం, ఆ సినిమా ఆడిస్తన్నారంట గదా?"

"అవును పిన్నీ."

"అందులో పడవ కాడ కూనిరాగం ఉంటాది. అది నాదే. ఒక్కపాలి పెద్ద డబ్బాల్లో ఇనాలనుందే."

ఈ మాట వీధిలో అందరికీ తెలుసు, నమ్మినవాళ్లు తక్కువ. పెళ్లికి ముందు ఆవిడ మద్రాసులో అన్నగారింట్లో ఉండి సినిమాలకి కోరస్ పాడేదట. కోరస్ వాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేయరు. సినిమా విడుదలయ్యేనాటికి పెళ్లయి, రోలింగ్ మిల్లులో పనిచేసే మొగుడి వెంట భిలాయి వచ్చేసింది. తర్వాత అదే సినిమాని మా మైదానంలో తెల్లగుడ్డ కట్టి చాలాసార్లు వేశారు, మా నాన్న హారన్ స్పీకర్లతోనే. తెరకి అటూ ఇటూ కూర్చుని చూసేవాళ్లం. వెనకపక్క కూర్చున్నవాళ్లకి హీరో ఎడమచేత్తో అన్నం తినేవాడు. అయితే పడవ సీనులో మాటల్లేవు, పాటా లేదు. నైట్ షిఫ్టుకి వెళ్లేవాళ్లకి ఆలస్యమవుతుందని ఆపరేటర్ ప్రతిసారీ ఆ ముక్క దాటించేసేవాడు. ఎవరూ అడగలేదు, పిన్ని తప్ప. టీవీలో వచ్చినప్పుడేమో ఇంటినిండా జనం, కుక్కర్ కూతలు. ఆవిడ తన గొంతును తిన్నగా వినలేదు, ఇంట్లోవాళ్లకి వినిపించనూ లేదు. కొడుకు రమణకి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేత్ యూనిట్ ఉంది. "మా అమ్మ మద్రాసు స్టార్" అని పదిమందిలో నవ్వేవాడు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. పాత సినిమాలో మాటలు, సంగీతం, చప్పుళ్లు అన్నీ ఒకే పట్టీ మీద కలిసి ఉంటాయి. ఆర్కెస్ట్రా వాయించాలంటే ఆ సంగీతాన్ని తీసేసి మాటలు మిగల్చాలి. ఈ రోజుల్లో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. మనిషి గొంతును ఒక పక్కకీ వాద్యాలను ఇంకో పక్కకీ తోస్తుంది. గొంతులు మిగిలినదాన్ని డైలాగ్ ట్రాక్ అంటాం. మిక్సర్ మీద దానికో ఫేడర్ ఉంటుంది, అంటే పైకి తోస్తే శబ్దం పెరిగి, కిందికి లాగితే ఆగే మీట. ఆ కంప్యూటర్‌కి మాటకీ రాగానికీ తేడా తెలియదు. పడవ సీనులోని కూనిరాగం కూడా మనిషి గొంతే కాబట్టి డైలాగ్ ట్రాక్‌లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం రిహార్సల్‌లో విని నేను ఉలిక్కిపడ్డాను. వాద్యాలేవీ లేకుండా, నీళ్ల చప్పుడు మీద ఒంటరిగా ఒక పదిహేడేళ్ల పిల్ల గొంతు.

కండక్టర్ గారు ముంబై మనిషి, మర్యాదస్తుడు. "మేడమ్, అక్కడ ఫేడర్ దించేయండి. ఆ రాగం మన రేణు పాడుతుంది" అన్నారు.

రేణు సెక్టర్ 4లో ఒక స్కూల్లో పాటల టీచరు. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, తెలుగు కంటే హిందీ బాగా వస్తుంది. అంతపెద్ద ఆర్కెస్ట్రాతో పాడటం అదే మొదలు.

నాకు వాదించే అవకాశం దొరికితే వదలను. "సాబ్, ఆ గొంతు మనిషి ఈ ఊళ్లోనే ఉంది. దించడమెందుకు, వినిపిద్దాం."

"రికార్డింగ్ వినాలంటే జనానికి ఇంట్లో టీవీ లేదా?"

"మీవాళ్లందరి పేర్లూ రేపు కరపత్రంలో ఉంటాయి. ఆవిడ పేరు టైటిల్స్‌లోనే లేదు."

"రెండూ కలిపి పెట్టలేం మేడమ్. పాత రికార్డు శ్రుతి మాకంటే కాస్త ఎక్కువగా ఉంది. కలిస్తే అపశ్రుతి."

"అయితే మీరు ఆగండి. నీళ్ల మీద ఆ గొంతొక్కటే వెళ్తుంది. అంతకంటే పెద్ద సంగీతం మీ దగ్గరుందా?"

ఆయన నవ్వేశారు. "సరే, ఆవిణ్ని తీసుకురండి. ఆవిడ సరేనంటే అలాగే చేద్దాం."

రమణకి ఫోన్ చేస్తే వెంటనే స్కూటర్ మీద తీసుకొచ్చాడు. పిన్ని పట్టుచీర కట్టుకుని, దాని మీద మగవాళ్ల స్వెట్టరు వేసుకొచ్చింది. నా ముందు వరసలో కూర్చోబెట్టాను. ఫేడర్ పైకి తోశాను. ఖాళీ హాలు ఆ గొంతుతో నిండిపోయింది. రమణ స్పీకర్ల వైపు తిరిగిపోయాడు. పిన్ని కదల్లేదు, చీర కుచ్చిళ్లు మాత్రం పిడికిట్లో నలిగిపోయాయి.

అయిపోయాక వేదిక వైపు చూసింది. "ఆ పిల్లేటి, అలా నిలబడిపోయింది?"

"ఆ రాగం తను పాడాల్సింది పిన్నీ. ఇప్పుడు నీది వేస్తున్నాం కదా."

రేణు మైకు దగ్గర్నుంచే అంది, "కోయీ బాత్ నహీ దీదీ, పర్లేదు. నేను కోరస్‌లో కూర్చుంటా." నవ్వుతూనే అంది. అంటూ మైకు స్టాండుని తనే పక్కకి జరిపింది.

"కోరస్‌లోనా?" అంది పిన్ని. "ఇంకొక్కపాలి ఎయ్యే" అంది.

మళ్లీ వేశాను. ఈసారి కళ్లు మూసుకుని వింది. తెరిచి చెప్పింది:

"ఇది నా గొంతుక కాదే."

"ఏంటి పిన్నీ?"

"కాదు. ఆయేళ ఇద్దరి సేత పాడించారు. నా తరవాత ఇంకో పిల్ల పాడింది. దానిదే ఉంచినట్టున్నారు. ఎవత్తిదో గొంతుక కోసం ఈ పిల్ల నోరు మూయించడమేటి? పాడించండి."

రమణ తేరుకున్నాడు. "చూశావా దీదీ! ఇన్నేళ్లూ మా చెవులు కోసింది. స్టార్ గారు కాదంట!" పిన్ని అతని వంక కూడా చూడలేదు. "పద, సలేత్తంది" అని లేచింది.

నేను చాలా గింజుకున్నాను. ఆవిడే కాదన్నాక కండక్టర్ ముందు నాకు వాదన లేదు. రేణు మైకు మళ్లీ మధ్యకి వచ్చింది.

మర్నాడు సాయంత్రం ప్రదర్శన. పిన్ని అదే సీట్లో, అదే స్వెట్టర్‌తో. మిక్సర్ మీద సోలో అని ఒక బటన్ ఉంటుంది. ఫేడర్ దించేసినా, అది నొక్కితే ఆ ట్రాక్ నా హెడ్‌ఫోన్‌లో మాత్రం నడుస్తుంది, హాలుకి వినబడదు. పడవ సీను వచ్చింది. ఫేడర్ దించి, సోలో నొక్కాను. ఒక చెవి హెడ్‌ఫోన్‌కి ఇచ్చి, రెండోది హాలుకి వదిలాను. ఒక చెవిలో రేణు, ఇంకో చెవిలో ఆ పదిహేడేళ్ల పిల్ల. రేణు బాగా పాడింది, నిజం చెప్పాలి. పైస్థాయిలో పాత గొంతు కంటే నిలకడగా పాడింది.

పాత గొంతుకి మాత్రం ఒక వింత అలవాటుంది. పైస్వరానికి వెళ్లేముందు, ఎవరూ ఆగని చోట, రాగం మధ్యలో గబుక్కున ఊపిరి తీస్తుంది. పాఠం చెప్పే ఏ గురువైనా తిడతాడు. రేణు అక్కడ ఆగలేదు. హెడ్‌ఫోన్‌లో ఆ ఊపిరి వినబడిన క్షణంలోనే నా ముందు వరసలో స్వెట్టరు భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. నా భ్రమనుకున్నాను. ఆ రాగం రెండోసారి తిరిగి వచ్చింది. మళ్లీ అక్కడే ఊపిరి, మళ్లీ భుజాలు.

సీను అయిపోయాక మొదట లేచి చప్పట్లు కొట్టింది ఆవిడే. ఆవిడ లేస్తే పక్కవాళ్లు లేచారు, తర్వాత హాలంతా లేచింది. నిలబడింది నిజం. మిగతాది ఊరు అల్లింది.

ఈ పనిలో ఇన్నేళ్లుగా మైకు అందనివాళ్లకి అందించడమే నా గొప్ప అనుకునేదాన్ని. దించేసిన ఫేడర్ కింద కూడా ట్రాక్ నడుస్తూనే ఉంటుందన్నది నాకు ముందే తెలుసు. ఎవరైనా తమ గొంతును తామే దించమనవచ్చని మాత్రం ఆ రోజే తెలిసింది.

రమణ ఇప్పటికీ పదిమందిలో ఆ జోకు వేస్తాడు. పిన్ని ఇప్పటికీ మా దుకాణంలో కూర్చుని వీధి మీద తగువులు తీరుస్తుంది. ఆ ముక్క నా దగ్గరే ఉంది, వేసి వినిపించనా అంటే, "ఎవత్తిదో గొంతుక నాకెందుకే" అంటుంది. నేను వాదనలో ఓడి ఊరుకున్న మనిషి ఆవిడొక్కతే, అందుకే ఇక్కడ రాసి అడుగుతున్నాను. పిన్నీ, అది ఎవత్తిదో గొంతుకైతే, ఎక్కడ ఊపిరి తీయాలో నీ భుజాలకెలా తెలిసింది?