పదమూడణాల సీటు

గుంటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఎండాకాలం చివర్లో తల్లిదండ్రులు వస్తుంటారు. పిల్ల మార్కుల కాగితం నా ముందు పెట్టి, "మద్రాసులో పెద్ద కాలేజీలో సీటొస్తుందంటారా అండీ" అని అడుగుతారు. నేను ఆ కాగితం చూసీ చూడనట్టు చూసి, ఇంటర్వ్యూకి పిల్ల వెంట ఎవరు వెళ్తున్నారని అడుగుతాను. సీటు పిల్లకు కదా, వెంట ఎవరెళ్తే ఏమిటన్నట్టు చూస్తారు. నేను వివరించను. ఓపిక ఉన్న రోజున కూడా వివరించను.

మా ఇంట్లో సీట్ల సంగతి తేల్చేది మావయ్య. అమ్మకు తమ్ముడు. నాన్న నా చిన్నతనంలోనే పోతే అమ్మా నేనూ ఆయన ఇంటికి చేరాం. పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు మాది. మావయ్య చుట్టుపక్కల ఊళ్ళ మిరపకాయలు గుంటూరు కొట్లకు చేర్చి కమీషన్ తీసుకునేవాడు. పైన పేర్చిన కాయ ఆయన చూసేవాడు కాదు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి నడిమి నుంచి గుప్పెడు తీసి, ఒక కాయ చెవి దగ్గర ఆడించి, తుంచి, వాసన చూసి ధర చెప్పేసేవాడు. ఆ ధర తప్పిన రోజు మాకు తెలియదు. అందుకని మనుషుల విషయంలోనూ ఆయన మాట తప్పదని ఊళ్ళో అందరికీ నమ్మకం. ఎవరబ్బాయి పరీక్ష గట్టెక్కుతాడు, ఎవరి సంబంధం కుదురుతుంది, పంచాయతీలో ఎవరు నెగ్గుతారు, అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన అణాల్లో చెప్పేవాడు. పదహారణాలంటే అయిపోయినట్టే. ఎనిమిదణాలంటే దేవుడి దయ. నయాపైసలు వచ్చాక కూడా ఆ లెక్క మార్చలేదు.

నేను ఎస్సెల్సీ మంచి మార్కులతో పాసయ్యాను. మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ గారు పక్క ఊరి క్రైస్తవుల అమ్మాయి. చర్చి వాళ్ళ సాయంతో మద్రాసులో ఒక ఆడపిల్లల కాలేజీలో చదివి వచ్చింది. నన్నూ అక్కడికే పంపాలని ఆవిడ పట్టుదల. అక్కడ మార్కులొక్కటే చూడరు, పిలిచి మాట్లాడతారు, వచ్చినవాళ్ళలో చాలామందిని వెనక్కి పంపేస్తారు. దరఖాస్తు ఆవిడే తెప్పించింది, ఆవిడే నింపించింది. పిలుపు వచ్చాక ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చుంది. అత్తయ్య ఆవిడకు విడిగా పెట్టిన గ్లాసులో కాఫీ ఇచ్చింది. ఆవిడ తాగి, గ్లాసు తనే కడిగి గోడ వారన బోర్లించి, అమ్మతో మాట్లాడింది.

"మీరు తప్పకుండా వెళ్ళాలమ్మా. అక్కడ ప్రిన్సిపాల్ గారు తల్లిని చూడాలంటారు. పిల్లను ఎందుకు చదివిద్దామనుకుంటున్నారని మిమ్మల్నే అడుగుతారు. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఏం కాదు, తెలుగు తెలిసినావిడ ఒకరు పక్కనే ఉంటారు. మీకు తోచింది చెప్పండి, చాలు."

అమ్మను ఎవరైనా ఏదైనా అడుగుతారన్న మాట ఆ ఇంట్లో అదే మొదటిసారి విన్నాను.

అప్పుడు ఏడాదికి సరిపడా కారం కొట్టించే పని నడుస్తోంది. అమ్మ పొద్దుటి నుంచి మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చునేది. పెదవులు కదిలేవి. దేవుడి పేరు తలుచుకుంటోందని అత్తయ్య అనుకుంది. నాకు తెలుసు, మద్రాసులో చెప్పాల్సిన జవాబు వల్లెవేసుకుంటోంది. ఏమిటా జవాబని అడిగితే, "నీకెందుకే, అడిగినవాళ్ళకే చెబుతా" అంది. ట్రంకుపెట్టె అడుగు నుంచి బూడిదరంగు చీరాల నేతచీర ఒకటి తీసి, అంచు ఊడినచోట కుట్టుకుని, మడత పోకుండా పెట్టె కింద పెట్టుకుంది. అమ్మ ముచ్చటపడిన రోజులు నేను చూసినవి అవే.

మావయ్య నా సీటుకు పదమూడణాలు కట్టాడు. మార్కులకు ఢోకా లేదన్నాడు. తెలుగులో చదివినందుకు ఒక అణా, మద్రాసులో మనకు తెలిసిన పెద్దమనిషి ఎవరూ లేనందుకు ఒక అణా తీసేశాడు. మూడో అణా ఎందుకు పోయిందో నాతో చెప్పలేదు. వంటింట్లో అత్తయ్యతో చెబుతుంటే విన్నాను. "మిగతా రెండూ మన చేతిలో లేవు. ఈ ఒక్కటే మన చేతిలో ఉంది. అక్క రాకుండా ఉంటే చాలు."

ఆయన చెడ్డవాడు కాదు. అది చెప్పాలి. నా కోసం పర్చూరు నుంచి ఇంగ్లీషు పేపరు తెప్పించి, రోజూ పొద్దున్నే నా చేత బిగ్గరగా చదివించాడు. నేను తడబడిన చోట ఆయనకు అర్థం కాకపోయినా వేలు ఎత్తి ఆపేవాడు. నా సీటు కోసం తాపత్రయపడినవాళ్ళలో అమ్మ తర్వాత ఆయనే. ఆ రాత్రి అన్నం దగ్గర నెమ్మదిగానే అన్నాడు.

"అక్కా, ఇంటర్వ్యూ అంటే శుభకార్యం లాంటిదే. నీకు తెలియనిదేముంది."

అమ్మ చెయ్యి కంచంలో ఆగలేదు. "నిజమేరా. నువ్వే తీసుకెళ్ళు" అంది.

"అమ్మే రావాలని టీచరమ్మ గారు చెప్పారు మావయ్యా" అన్నాను నేను.

"ఆవిడకేం తెలుసమ్మా మన పద్ధతులు. కాగితంలో గార్డియన్ అని ఉందా లేదా? గార్డియన్ని నేనే కదా."

ఉంది. కాగితంలో అలాగే ఉంది.

బయల్దేరే రోజు పొద్దున అమ్మ మిరప బస్తాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎవరూ వెళ్ళమని చెప్పలేదు. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదు, కంట పడకూడదు, అందుకని వెళ్ళింది. అత్తయ్య నిండు బిందెతో వీధి మలుపు నుంచి మాకు ఎదురు రావాలి. మావయ్య చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. అత్తయ్య రాలేదు. చూస్తే మలుపులో ఎవరితోనో బావి పూడిక గురించి మాట్లాడుతోంది. మావయ్య మళ్ళీ లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటి నుంచి బయల్దేరాడు. ఈసారి బిందె సరిగ్గా ఎదురొచ్చింది.

నేను బస్తాల గది తలుపు దగ్గర ఆగి "అమ్మా, వెళ్ళొస్తా" అన్నాను. జవాబు రాలేదు. మాట కూడా వినపడకూడదని ఊరుకుంది. లోపల ఘాటుకు ఎవరైనా ఎంతసేపు ఆపుకోగలరు? ఒక దగ్గు వినపడింది. గొంతు నొక్కుకుని దగ్గిన దగ్గు. నేను సంచీ తీసుకుని బస్సెక్కాను.

చీరాలలో రైలెక్కి మద్రాసు వెళ్ళాం. ఆ కాలేజీ వరండాలో తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకావిడ మా అమ్మలాగే బొట్టు లేకుండా, గాజులు లేకుండా ఉంది. కూతురి జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. మావయ్య ఆవిడ వైపు చూసి పక్కకు తిరిగి కూర్చున్నాడు. నేను ఆ జడ అల్లడం పూర్తయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. నా మనసులో ఏముందో నాకు గుర్తు లేదు. ఏమీ ఉన్నట్టు లేదు.

లోపల తెల్ల జుట్టు దొరసాని ఒకావిడ, పక్కన తెలుగు తెలిసిన లెక్చరరు ఒకావిడ ఉన్నారు. చదువు మీద దొరసాని ఇంగ్లీషులో అడిగినవన్నీ చెప్పాను. పత్తి గురించి అడిగింది, మిరప గురించి అడిగింది, నవ్వింది. తర్వాత నా కాగితం చూసి, మీ అమ్మ ఉంది కదా, ఎందుకు రాలేదని ఆ తెలుగావిడ చేత తెలుగులో అడిగించింది. ఒంట్లో బాగోలేదని మావయ్య చెప్పాడు. ఏం జబ్బని దొరసాని నన్ను అడిగింది. దగ్గు అన్నాను.

"నువ్వు చదువుకోవడం గురించి మీ అమ్మ ఏమనుకుంటోంది?"

మావయ్య జవాబు చెప్పబోయాడు. తెలుగావిడ చెయ్యి అడ్డం పెట్టి, "మీరు ఉండండి, అమ్మాయి చెప్పాలి" అంది.

అమ్మ జవాబు నాకు తెలియదు. అడిగినవాళ్ళకే చెబుతానంది. ఇక్కడ అడిగినవాళ్ళున్నారు, అమ్మ లేదు. మా వైపు ఒక ఇంటి గురించి గొప్పగా చెప్పాలంటే ఏం చెబుతారో అదే చెప్పాను. "మా మావయ్య ఎలా చెబితే అలాగండి. మా అమ్మ ఎప్పుడూ ఆయన మాట దాటదు."

దొరసాని నా మొహం కాసేపు చూసింది. కలం మూత పెట్టి, థాంక్యూ అంది.

తిరుగు రైల్లో మావయ్య మహా సంతోషంగా ఉన్నాడు. "చివర్న భలే మాట అన్నావమ్మా. ఆ మాటతో పద్నాలుగణాలు అయింది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. నెల్లూరులో ఇడ్లీ కొనిపెట్టాడు, తిన్నాను.

సీటు ఇవ్వలేకపోతున్నామని కార్డు వచ్చింది. కారణం రాయలేదు. మావయ్య కార్డును వెనకా ముందూ తిప్పి చూశాడు. మిరప ధర తప్పినా అంత బాధపడి ఉండడు. తొడిమలు తీస్తున్న అమ్మ వైపు చూడకుండా అడిగాడు.

"అక్కా, ఆ రోజు మేం వెళ్ళేటప్పుడు నువ్వు కిటికీలోంచి చూశావా?"

"చూడలేదురా."

"మరి?"

అమ్మ కాస్త ఆలోచించింది. "దగ్గాను. ఘాటుకు ఆగలేదు. అదే అయ్యుంటుంది" అంది.

తప్పు ఎక్కడుందో తెలిసినందుకు మావయ్య కొంచెం తేలికపడ్డాడనుకుంటాను. కండువా దులుపుకుని వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. లేచి అరవడానికి సరిపోయేంత కోపం కాదు. కాసేపటికి అది కూడా పోయింది. ఏడుపు రాలేదు. అమ్మ పక్కన కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కన పడేయడం మొదలుపెట్టాను.

"నిన్ను అడిగుంటే ఏం చెప్పేదానివే అమ్మా?" అన్నాను.

"ఇప్పుడెందుకులే."

"చెప్పు."

అమ్మ వసారా వైపు చూసింది. మావయ్య వీపు కనపడుతోంది. గొంతు తగ్గించి చెప్పింది.

"నాకు చదువుంటే ఏ పనికీ తమ్ముణ్ణి అడగాల్సిన అవసరం ఉండేది కాదు, నా కూతురు ఎవర్నీ అడక్కుండా బతకాలి, అందుకని చదివిస్తున్నా అని చెబుదామనుకున్నా. అంతే. పెద్ద మాటేం కాదు."

నా చేతుల్లో కాయలు ఉన్నాయి. చేతులు మండుతున్నాయి. అమ్మ మళ్ళీ పనిలో పడి, తల ఎత్తకుండానే అడిగింది.

"అట్లా చెబితే సీటిచ్చేవాళ్ళంటావా?"

సీటు సంగతి నన్ను తేల్చమని మొట్టమొదట అడిగిన మనిషి అమ్మ. దొరసాని మొహం నాకు కళ్ళముందే ఉంది. ఆ మాట వింటే పదహారణాలా సీటిచ్చేది.

"ఇవ్వరులే అమ్మా" అన్నాను.

"అంతేలే" అని అమ్మ నా ముందున్న తాలుకాయలు చేటలోకి తీసుకుంది.