కమలాపండు ఒలిచే పెద్దమనిషి

మా ప్రొఫెసర్ గారు పోయారని సోమవారం పొద్దున యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. హామిల్టన్‌లో బస్సు కోసం నిలబడి చదివాను. ఏడుపు రాలేదు. హమ్మయ్య, ఇక ఈయనతో పోలిక ఉండదు అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన మంచి రాయాలంటే నా కుళ్ళు కూడా రాయక తప్పదు.

ఆయన వేల్స్‌లో ఒక బొగ్గుగని కార్మికుడి కొడుకు. చరిత్ర చదివి కెనడా వచ్చి, ఈ ఊరి ఉక్కు కార్మికుల జీవితాలు రాశారు. ఏళ్ళ తరబడి రేడియోలో వాళ్ళ మాటలు వినిపించారు. చివరికి యూనివర్సిటీకే ప్రెసిడెంట్ అయ్యారు. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసి, అక్కడే పాఠాలు చెబుతున్నాను. ఆయన పుస్తకాలు చూసి కుళ్ళుకోలేదు, పదవి చూసీ కాదు. ఆయన ముందు మనుషులు నోరు విప్పే తీరు చూస్తేనే నాకు కడుపుమంట.

ఎవరినైనా ఇంటర్వ్యూ చేసేటప్పుడు కోటు జేబులోంచి ఒక కమలాపండు తీసేవారు. ఒక్క ప్రశ్న అడిగి, తల వంచుకుని, తొక్క ఎక్కడా తెగకుండా ఒలిచేవారు. అవతలి మనిషి పైపైన ఏదో చెప్పి ఆగేవాడు. ఈయన తల ఎత్తేవారు కాదు. ఆ మౌనం భరించలేక అసలు సంగతి బయటికొచ్చేది. రేడియోవాళ్ళు ఆ ఖాళీని కత్తిరించబోతే ఒప్పుకునేవారు కాదు. "మొదటి జవాబు మర్యాదకి చెప్తారు. రెండోదాని కోసం ఆగాలి" అనేవారు మాతో.

నాకు ఆగడం చేతకాదు. నా రికార్డింగులు విని, "వాళ్ళని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు" అని నవ్వేవారు. ఒళ్ళు మండేది.

లైబ్రరీ వేళలు తగ్గించారని ఒకసారి విద్యార్థులు ఆయన ఆఫీసులో బైఠాయించారు. ఆయన సెక్యూరిటీని పిలవలేదు. సంచీడు పళ్ళతో వాళ్ళ మధ్య నేల మీద చతికిలబడ్డారు. కేకలు అయిపోయాక ఒకమ్మాయి తన పార్ట్‌టైమ్ షిఫ్టుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ వారమే పాత వేళలు తిరిగొచ్చాయి. నాకు మాత్రం మరో వారం నిద్ర పట్టలేదు, అసూయతో.

అసలు దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. మా నాన్న విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నెస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. నా పరిశోధన అంతా అలాంటి పనివాళ్ళ మీదే. కానీ నాన్నని ఎన్నిసార్లు అడిగినా, "ఏటుంటాదమ్మా, డ్యూటీకెళ్ళేం, వచ్చీసేం" అనేవారు, అంతే.

ఒక ఆదివారం ప్రొఫెసర్ గారు టీకి వచ్చారు. "ఫర్నెస్ దగ్గర మీ పక్కన ఎవరు నిలబడేవారు?" అని నాన్నని అడిగి, పండు తీశారు. "ఫ్రెండ్" అన్నారు నాన్న. తొక్క సగం వచ్చేసరికి నాన్న మళ్ళీ నోరు విప్పారు. తెలుగులోకి వచ్చేశారు. నా చిన్నప్పుడు నాకు జ్వరమని నాన్న సెలవు పెట్టిన రోజున, ఆయన బదులు నిలబడిన ఆ ఫ్రెండ్ కాలిపోయాడట. పేరు మాత్రం చెప్పలేదు. నా జ్వరం సంగతి నేనే ఇంగ్లిష్‌లోకి మారుస్తూ, పరాయి మనిషి అడిగిన ప్రశ్నకి జవాబుగా వింటున్నాను. నాన్న మీద జాలి కన్నా ముందు ప్రొఫెసర్ గారి మీద అసూయ పుట్టింది.

ఈమెయిల్ వచ్చిన సోమవారం సాయంత్రం, ప్రొఫెసర్ గారు పోయారని నాన్నకి కబురు చెప్పాను. "మంచోడు. నన్ను మాటాడనిచ్చేడు" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా, ఇన్నేళ్ళూ?"

"నువ్వడుగుతావమ్మా. ఆగవు."

ఫ్రిజ్‌లోంచి ఒక కమలాపండు తెచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఆ ఫ్రెండ్ పేరేంటి నాన్నా?" అని అడిగి, తల వంచుకున్నాను.

"ఇప్పుడు పేరెందుకులే."

నోటిదాకా వచ్చిన ఇంకో ప్రశ్న మింగేశాను. తొక్క రెండో చుట్టులోనే తెగింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తెగింది. చిన్న చిన్న ముక్కలు టేబుల్ మీద పడుతున్నాయి. నాన్న చెయ్యి వచ్చి వాటిని ఒక్కొక్కటే దగ్గరికి చేరుస్తోంది. నేను తల ఎత్తలేదు.

"అప్పలరాజు" అన్నారు నాన్న.