అక్క గుర్తుపెట్టుకున్న రంగులు

అక్కకూ నాకూ షుగర్ ఒకే ఏడు బయటపడింది. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్ద. నా కాళ్లు, కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. ఆమె పాదాలు మొద్దుబారాయి, ఎడమ కన్ను మసక. "తమ్మునిది గట్టి పానం" అంటారు చుట్టాలు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా పానం గట్టిదేమీ కాదు. ఏ గోలీ ఎందుకో డాక్టరును అడుగుతాను, డైరీలో రాసుకుంటాను, అంతే. అక్క బడి రెండో తరగతితో ఆగిపోయింది. అమ్మ నాట్లకు పోతే నన్ను ఎత్తుకోవడానికి మాన్పించారు.

అక్క కుల్చారం నుంచి నెలనెలా నేనుండే మెదక్ వచ్చి దవాఖానలో మందులు తీసుకుపోతుంది. గుర్తులన్నీ రంగులే. ఎర్ర గోలీల అట్ట షుగర్‌ది, పొద్దున ఒక్కటే. పచ్చ అట్ట బీపీది, రెండు పూటలా. మొన్న కంపెనీ మారి షుగర్ గోలీ పచ్చ అట్టలో వచ్చింది. అక్క దాన్నే బీపీది అనుకుని రెండు పూటలా వేసుకుంది. నాలుగో రోజు పొద్దున్నే చెమటలు పట్టి గడపలో పడిపోయింది. ఆమె కోడలు నోట్లో ఇంత చక్కెర పోసి దవాఖానకు తెచ్చి నాకు ఫోన్ చేసింది.

"అట్ట మీద రాసిచ్చినం గదమ్మా, చూసుకోవద్దా?" అన్నాడు డాక్టరు.

"తప్పైంది సారు" అంది అక్క.

"రాసిచ్చిండ్రు, చెప్పిండ్రా? సదువొచ్చా అని ఒక్కరన్న అడిగిండ్రా?" అని అరిచాను.

అక్క నా అంగీ పట్టి గుంజింది. "ఊకో తమ్మీ. మల్ల గీడికి వచ్చేది నేను."

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. నా షుగర్ లెక్క ఒక్క నెల కూడా తప్పలేదు. అక్క గురించి నెలకో ముక్క: "అక్క వచ్చింది. చాయ్ తాగి పోయింది." ఆమె మందుల సంచి ఒక్కసారి కూడా విప్పి చూడలేదు నేను. డాక్టరు మీద అరవడానికి మాత్రం గొంతు లేచింది.

మరుసటి నెల వెంట వెళ్లాను. ఈసారి రెండూ తెల్ల అట్టలే. చదివి చెబుదామని నేను చెయ్యి చాపితే అక్క తోసేసింది.

"బిడ్డా, నాకు సదువు రాదు. ఏది పొద్దుగాలదో, ఏది రెండు పూటలదో నోటితోని చెప్పు" అంది మందులిచ్చే అతనితో.

"జల్ది జరుగు అవ్వా" అన్నారెవరో లైన్లో.

"జరగ. పోయినసారి అడగకుండ పోయి గడపల పడ్డ."

అతను చెప్పాడు. అక్క పొద్దుటి అట్ట మూల పంటితో కొరికి గుర్తు పెట్టుకుంది. ఆమె వెనకున్న ఇంకో ముసలామె తన అట్టలు బయటికి తీసింది.