మొలతాడు బిళ్ళ

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. లోహం అడ్డుంటే ఎక్స్ కిరణాలు దాటవని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాకోసమే పుట్టిన మాట.

మావాడికి అప్పుడు రెండేళ్ళు. బొమ్మకారులోని బిళ్ళ బ్యాటరీ కనబడలేదు. మింగేశాడేమోనని పటమటలో ఉన్న ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తాను. డాక్టరు ఎక్స్‌రే రాశాడు.

వాడి మొలతాడుకు మా అమ్మ గుండ్రటి వెండి తాయెత్తు కట్టింది. లెక్చరర్ కొడుక్కి తాయెత్తా అని నలుగురూ నవ్వుతారని, బయటికెళ్తే దాన్ని డైపర్ లోపలికి తోసేసేవాణ్ణి.

ఎక్స్‌రే తీసే అమ్మాయి ముందే అడిగింది. "మొలతాడుకి బిళ్ళలు, తాయెత్తులు ఏమన్నా ఉన్నాయాండీ? ఉంటే తీసెయ్యండి. చిన్నపిల్లలకి మళ్ళీ మళ్ళీ తియ్యకూడదండీ."

"అబ్బే, మా ఇంట్లో అలాంటివి లేవండీ" అన్నాను. ఆ క్షణంలో ఫిజిక్స్ గుర్తు రాలేదు, పరువు గుర్తొచ్చింది. ఆమె నమ్మింది.

ఫిల్మ్‌లో పొట్ట కింద తెల్లగా, గుండ్రంగా కనబడింది. "లోపలే ఉందండీ. పక్కనుంచి ఇంకోటి తీయిద్దాం" అన్నాడు డాక్టరు. నా ప్రాణం పోయినంత పనైంది. నిమిషం తర్వాత అదేమిటో తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. వాణ్ణి బాత్రూంలోకి తీసుకెళ్ళి మొలతాడు తెంపి జేబులో వేసుకున్నాను.

రెండో ఫిల్మ్‌లో ఏమీ లేదు. డాక్టరు ఆ అమ్మాయి మీద ఎగిరాడు. "ఇందాక ఉంది, ఇప్పుడు లేదు. ఏం తీస్తున్నావమ్మా నువ్వు?" ఆమె తలదించుకుంది. నేనూ దించుకున్నాను. మూడోసారి గొంతు నుంచి కిందిదాకా తీశారు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు నేనే పట్టుకున్నాను. నాకు మాత్రం కిరణాలు తగలకుండా సీసపు కోటు తొడిగారు.

అందులోనూ ఏమీ లేదని తేలాక, ఆమె వాడి డైపర్ సర్దుతూ, మొలతాడు తెంపినచోట వాడి నడుము చుట్టూ కందిన గీత చూసింది. "ముందే చెప్పుంటే ఒక్కదాంతో పోయేదండీ" అంది, డాక్టరుకు వినబడకుండా. తన పరువు పోగొట్టిన నా పరువే ఆమె కాపాడింది.

ఇంటికొచ్చేసరికి బ్యాటరీ సోఫా కింద దొరికింది. అమ్మ వాణ్ణి ఎత్తుకుని నడుము తడిమింది.

"బిళ్ళేదిరా?"

"ఆ ఎక్స్‌రే అమ్మాయి తెంపేసిందమ్మా" అన్నాను.

అమ్మ ఆ అమ్మాయిని తిట్టినంతసేపూ, జేబులో చెయ్యి పెట్టుకుని వింటూ నిలబడ్డాను.