రేపటి టపాసులు

తిరుపతి మార్కెట్లో ఎండు రొయ్యల వాసన తగిలితే చాలు, వీపు మీద నాయన బరువు పడినట్టుంటుంది.

నాయన యుద్ధం నుంచి తిరిగొచ్చాక ప్రతి దీపావళికీ పులికాట్ సరస్సు ఒడ్డున గోవిందు మామ ఇంటికి పోయేవాళ్లం. మామ, నాయన మిలిటరీలో కలిసి పనిచేశారు. ఆ పల్లెలో దీపాలే తప్ప టపాసులు కనిపించేవి కావు. పాపం, కొనుక్కోలేరేమోనని జాలిపడేదాన్ని.

ఒక ఏడు వాకిట్లో ఆడుకుంటుంటే రోడ్డు మీద లారీ టైరు పేలింది. మరుక్షణం నాయన నన్ను కింద పడేసి, పైన బోర్లా పడి కప్పేశాడు. ఎండబోసిన రొయ్యల్లో నా మొహం కూరుకుపోయింది. ఆయన ఒళ్లంతా వణుకుతోంది.

ఎవరూ నవ్వలేదు. గోవిందు మామ పక్కనే నేల మీద కూర్చుని, "టైరప్పా, ఉట్టి టైరు. నేను ఈడనే ఉండాను," అంటూ నాయన వీపు నిమిరాడు.

మామ కూతురు నా జుట్టులో రొయ్యలు ఏరుతూ, "మేం కాల్సలేదు," అంది భయంగా. "మా టపాసులన్నీ అటక మీదనే ఉండాయి. ఊరంతా అంతే. ఏటా మీరు బస్సెక్కినాకనే కాలుస్తాం."

మర్నాడు బస్సులో చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్క చప్పుడూ వినపడలేదు. మేం ఎంత దూరం పోయేదాకా ఆగేవాళ్లో నాకు ఇప్పటికీ తెలీదు.